పద్నాలుగో నిబంధన

కొత్తవాడల మా జంపఖానాల సమాఖ్య ఆఫీసుకు
పాత రేకులు దించిన నాడే
శాయంపేట నుంచి ముగ్గురు, ఊరుగొండ నుంచి ఇద్దరు
దరఖాస్తులు ప్లాస్టిక్ కవర్ల పెట్టుకొని వచ్చిండ్రు.
కూసోండ్రి అందామంటే కుర్చీల నిండ సిమెంటు.
నిలబడే మంచినీళ్లు తాగిండ్రు,
గ్లాసులు కడిగి బోర్లించిండ్రు.

మినిట్స్ బుక్కు రాసేది నేను.
పదకొండేండ్ల సంది ఇదే పని, ఇదే నీలం పెన్ను.
ఒప్పుకున్నోళ్ల పేర్లు రాస్త, ఒప్పుకోనోళ్ల పేర్లు రాస్త.
ఎవరు దగ్గిండ్రో రాయను.

మొదటి అంశం: నియమావళి సవరణ.
రెండో అంశం: కొత్త సంఘాలకు సభ్యత్వం.
ఏది ముందు, ఏది యెనుక అన్న కాడ్నే
రెండు విడుతల చాయ్ ఒడిసిపోయింది.

"ఇల్లు పీకి పందిరేసుకున్నం,
గిప్పుడు సుట్టాలనెట్ల పిలుస్తరు?"
అన్నడు అడిగొప్పుల మొగిలయ్య.
"సుట్టాలు కాదు మామా, మగ్గాలు.
మిల్లు మూతవడ్డనాడు మనోళ్లను గూడ గిట్లనే ఆగమన్నరు"
అన్నది వంగరి భారతమ్మ.
"నూలు కోటా మనకే మూరెడు తక్కువ."
"వాళ్లను రావద్దంటే పెరుగుతదా?"
"అద్దకం బాకీ తీరనీ. ఓట్ల లెక్క మారనీ.
అప్పుడు రమ్మను."
"అప్పుడంటే ఎప్పుడు?"
మొగిలయ్య మీదికి చూసిండు.
మీద కప్పు లేదు. రెండు కాకులున్నయి.

పద్నాలుగో నిబంధన చిన్నది, ఒకటిన్నర వాక్యం:
అందరి చేతులు లేస్తేనే కొత్తవాళ్లకు చోటు.
రాసిన నాడు సంఘాలు ఏడు.
ఒక్కరలిగితే ఏడు పొయ్యిలు చల్లబడే కాలం.
ఇయ్యాల ముప్పై ఒకటి.
ముప్పై చేతులు లేచి, గుంజి, దిగిపోతయి,
ముప్పై ఒకటో చేయి తొడ మీదనే పండుకుంటది.
ఆ నిబంధన మార్చాలన్నా
అందరి చేతులు లేవాలె.

ఎదురుంగ హోటల్ టీవీల
ఎక్కడ్నో దేశాల కూటమి ముచ్చట.
గడప బయట నిలవడ్డ దేశాలతోని
"మేం మారుతున్నం, మీరూ మారుండ్రి, జర ఆగుండ్రి"
అంటున్నరట, ఎన్నేండ్ల సందో.
వాళ్ల కుర్చీల మీద గూడ సిమెంటే కావచ్చు.

బీరువా జరిపినప్పుడు దొరికింది మొదటి బుక్కు.
చెదలు అంచులు తిన్నయి, అక్షరాల జోలికి పోలె.
నలభై నాలుగో పేజీ:
"మొగిలయ్య గల్లీ సంఘమును తాత్కాలికముగా చేర్చుకొనడమైనది.
పాత లెక్కలు తేలిన పిదప ఖాయపరచబడును."
తర్వాతి పేజీలన్నీ తిప్పిన, తడి వేలుతోని, అట్ట దాకా.
లెక్కలు తేలినట్టు ఎక్కడా లేదు.
ఖాయమైనట్టు ఎక్కడా లేదు.
నలభై ఏండ్ల సంది ఆయన తాత్కాలికమే.
తాత్కాలికంగనే రెండుసార్లు అధ్యక్షుడయిండు,
తాత్కాలికంగనే పద్నాలుగో నిబంధన కింద
మొదటి సంతకం పెట్టిండు.

పెద్దగ సదవొచ్చు.
సదివితే ముసలాయన పరువు పోతది,
సదవకుంటే శాయంపేటోళ్ల ఆఖరి బస్సు పోతది.
వాళ్లల్ల ఓదెలు అనే పిలగాడు
ఎవరూ చెప్పకుండనే రేకు ముక్కతోని
ఒక కుర్చీ గీకుతున్నడు. గర్ గర్ మని ఆ సప్పుడు.
బుక్కు మడిచి, వేలు పేజీలనే ఉంచి,
మొగిలయ్య ఒళ్లె పెట్టిన.

అద్దాలు పెట్టుకున్నడు. పెదవులు కదిలినయి.
తెగిన పోగు కొస దేవులాడినట్టు
ఆ వరుస మీద వేలు రెండుసార్లు పోయొచ్చింది.
"గా లెక్కలు..." అని నవ్వబోయి దగ్గిండు.
పదకొండేండ్లల్ల మొదటిసారి రాసిన:
మొగిలయ్య దగ్గిండు.

"రెండంశాలూ ఒక్కపారే ఓటుకు పెట్టుండ్రి" అన్నది భారతమ్మ.
ముప్పై చేతులు లేచినయి.
ఆయన చేయి గూడ లేచింది,
సగం దాకా, చెవి దాకా.
అద్దాలు తీయనీకో, ఒప్పుకోనీకో,
నాకు తెల్వది. అడగలె.

చేయిగనే లెక్కగట్టిన.